రాయదుర్గంలో అమెరికా రాత్రి

పెద్ద కంపెనీల్లో ఏఐ ఎంతదాకా వచ్చిందో చూసి రాయమని ఎడిటర్ గారు పంపారు. హైదరాబాదు రాయదుర్గంలో ఒక అమెరికన్ ఇన్సూరెన్స్ కంపెనీకి సొంత టెక్నాలజీ ఆఫీసు ఉంది. పేరు రాయకూడదన్న షరతు మీద లోపలికి రానిచ్చారు. తొమ్మిదో అంతస్తులో ఇన్నోవేషన్ ల్యాబ్, క్లెయిమ్ కాగితాలు చదివి సారాంశం చెప్పే ప్రోగ్రామ్, ఎన్ని అప్లికేషన్లు క్లౌడ్‌కి మారాయో చూపించే డాష్‌బోర్డు, అన్నీ ఓపిగ్గా చూపించారు. బాగున్నాయి కూడా. కానీ ఆ రోజు నేను ఎక్కువసేపు కూర్చున్నది అయిదో అంతస్తులో, కిటికీ లేని ఒక మూల, ఒకాయన సీటు పక్కన.

అక్కడ బ్యాచ్ నడుస్తోంది. అమెరికాలో పగలంతా ఏజెంట్లు రాసిన పాలసీలు, కస్టమర్లు కట్టిన ప్రీమియాలు, అడిగిన మార్పులు రాత్రికి ఒకచోట చేరతాయి. అప్పుడు జాబులు ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి. ప్రీమియం జమ వేసేది ఒకటి, ఏజెంటు కమిషన్ లెక్కకట్టేది ఒకటి, గడువు దాటిన పాలసీలకు నోటీసు తయారుచేసేది ఇంకొకటి. న్యూయార్క్‌లో రాత్రి పది గంటలంటే వేసవిలో మనకు మర్నాడు ఉదయం ఏడున్నర. అక్కడ తెల్లవారి ఆరింటికి ఏజెంట్ల స్క్రీన్లు తెరుచుకోవాలి కాబట్టి మన మధ్యాహ్నం మూడున్నరకల్లా అంతా ముగియాలి. జీతాల్లో తేడా సరే, వాళ్ల రాత్రి మనకు పగలు కావడం కూడా ఈ పని హైదరాబాదుకు రావడానికి ఒక కారణం.

ఆయన్ని టీమంతా బాబాయ్ అంటారు. తెనాలి దగ్గరి ఊరు. బీకాం చదివి రైసు మిల్లులో పద్దులు రాసేవాడు. 1998లో అమీర్‌పేట వచ్చి కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాడు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయన్న భయం అప్పుడు ప్రపంచమంతా ఉంది. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలుగా మార్చడానికి కోబాల్ వచ్చినవాళ్లు వేలమంది కావలసివచ్చారు. మన ఊళ్లనుంచి అమెరికాకు వెళ్లిన మొదటి పెద్ద ఐటీ గుంపులో చాలామంది ఆ పని మీద వెళ్లినవాళ్లే. బాబాయ్ వెళ్లలేదు, ఇక్కడే ఉండి చేశాడు. వచ్చే మార్చిలో రిటైరవుతున్నాడు.

ఆయన చేతులు చూస్తూ కూర్చోవడం నాకు బాగా నచ్చింది. మౌస్ ముట్టుకోడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఎఫ్ 7 కొడితే పేజీ పైకి, ఎఫ్ 8 కొడితే కిందకి, ఎఫ్ 3 కొడితే బయటికి. ఆ మూడు మీటల మీద అంకెలు అరిగిపోయాయి. తెర మారేలోపే తర్వాతి కమాండు కొట్టేస్తాడు, ఏ తెర వస్తుందో ముందే తెలిసినట్టు.

తొమ్మిది దాటాక పక్క సీట్లో అమ్మాయి గట్టిగా అంది: “బాబాయ్, ప్రీమియం జాబు అబెండ్ అయింది. ఎస్ జీరో సీ సెవెన్.”

“ఏ స్టెప్పు?”

“నలభై.”

అంకె ఉండాల్సిన చోట అంకె కానిది కనబడితే ప్రోగ్రామ్ ఆగిపోయి ఇచ్చే కోడ్ అది. బాబాయ్ డంప్ తెరిచి ఒక అడ్రస్ చూసుకున్నాడు. కంపైల్ లిస్టింగులో ఆ అడ్రస్‌కి ఎదురుగా ఉన్న లైను పట్టుకున్నాడు, అందులో ఉన్న ఫీల్డు పేరు చదివాడు. ఫైలు తెరిచి ఆ రికార్డు దగ్గరికి వెళ్లి ‘హెక్స్ ఆన్’ అని కొట్టాడు. ఒక్కో అక్షరం కింద రెండు వరసలు వచ్చాయి. మెయిన్‌ఫ్రేమ్ అనే ఈ పెద్ద కంప్యూటర్లలో డబ్బు లెక్కలు ప్యాక్ చేసి దాస్తారు, ఒక్కో బైటులో రెండంకెలు, చివరి బైటు రెండో సగంలో ప్లస్సో మైనస్సో తెలిపే గుర్తు. సున్నా అయితే అన్నీ సున్నాలు వచ్చి చివర కింది వరసలో ‘సి’ కనబడాలి. ఇక్కడ పై వరసంతా 4లు, కింది వరసంతా 0లు. ఆ యంత్రం భాషలో 40 అంటే ఖాళీ జాగా.

“చూడమ్మాయ్,” అని తెర మీద వేలు పెట్టి చూపించాడు, “సున్నా పంపాల్సిన చోట ఏమీ పంపలేదు. కిందటి నెల వచ్చిన కొత్త పోర్టల్ నుంచి వచ్చిన పాలసీ ఇది. పాలసీ మీద అదనపు రైడర్ వద్దనుకుంటే ఏజెంటు ఆ గడి వదిలేస్తాడు. మన పాత స్క్రీన్ అయితే తనే సున్నాలు నింపేది. కొత్తవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పారు?”

పెద్ద కంపెనీల ఐటీ కష్టమంతా ఆ ఒక్క రికార్డులో నాకు కనబడింది. కొత్త పోర్టల్ కట్టినవాళ్లు తెలివిగలవాళ్లే. వాళ్ల పరీక్షల్లో అన్నీ పాసయ్యాయి కూడా. పాత స్క్రీన్ చడీచప్పుడు లేకుండా చేస్తూ వచ్చిన చిన్న పని ఏ డాక్యుమెంటులోనూ లేదు. కొత్తది కట్టేటప్పుడు పాతదాన్ని నడిపే మనిషిని ఎవరూ మీటింగుకు పిలవలేదు. ఆ మాట బాబాయ్ ఫిర్యాదుగా అనలేదు గానీ వింటున్న నాకు ఒళ్లు మండింది.

అమ్మాయి జాబును మళ్లీ మొదటినుంచి నడపబోయింది. ఆమె ముందున్న రన్‌బుక్‌లో ‘రికార్డు సరిచేసి రీస్టార్ట్ చేయండి’ అని ఒక్క ముక్కే ఉంది. బాబాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగమ్మా. ఇరవయ్యో స్టెప్పులో ప్రీమియాలు డేటాబేసులో పడిపోయాయి. మొదటినుంచి నడిపితే ఇవాళ డబ్బు కట్టినవాళ్లందరికీ రెండోసారి జమ పడుతుంది. నలభై నుంచే నడపాలి. ముప్ఫయ్యో స్టెప్పు చేసిన ఫైలు అప్పుడు ప్లస్ వన్, ఇప్పుడది క్యాటలాగులోకి ఎక్కేసింది కనక సున్నా. జేసీఎల్‌లో అది కూడా మార్చు.” జేసీఎల్ అంటే ఏ జాబు ఏ ఫైళ్లతో ఏ వరసలో నడవాలో చెప్పే ఆదేశాలు; జాబు కొత్తగా చేసే ఫైలును అందులో ప్లస్ వన్ అని, అప్పటికే ఉన్న తాజాదాన్ని సున్నా అని పిలుస్తారు. అమెరికాలో ఆన్‌కాల్ డ్యూటీలో ఉన్న మేనేజరును నిద్రలేపి అత్యవసర యాక్సెస్‌కు అనుమతి తీసుకున్నాడు. చెడిన రికార్డును పక్క ఫైలులోకి తీయించాడు. మార్చిన లైన్లు ఆమె చేతే పైకి చదివించి, అప్పుడు సబ్మిట్ కొట్టమన్నాడు. జాబు కదిలింది. ఆ పాలసీలు తీసుకున్న కుటుంబాల్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరం రాకుండా చెయ్యడమే ఆయన ఉద్యోగం.

పదకొండింటికి ప్యాంట్రీలో టీ తాగుతుంటే ఆ అమ్మాయి తన స్నేహితురాలితో అంటున్న మాటలు వినబడ్డాయి. “అప్రైజల్ ఫారంలో ఈ ఏడాది కొత్తగా ఏం చేశావని అడుగుతారు. ఏదీ పడిపోకుండా చూశాను అని రాస్తే రేటింగ్ వస్తుందా? మా అమ్మ కూడా అడుగుతోంది, మీ పెద్దమ్మ కొడుకు ఏఐలోకి మారాడట, నువ్వెప్పుడు మారతావని.” ఆమెకు పని ఇష్టం లేక కాదు. పొద్దున ఆ 4లు, 0లు చూసేటప్పుడు ఆమె మొహం వెలిగిపోవడం నేను చూశాను. ఆ ఇష్టానికి కంపెనీ ఫారంలో గడి లేదు, ఇంట్లో గౌరవం లేదు.

ఇది ఒక్క కంపెనీ కథ అయితే ఇంత రాయను. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో 50 లక్షలకు పైగా ఖాతాదారుల వివరాలను ఒక్క వారాంతంలో కొత్త సిస్టమ్‌కు మార్చింది. లక్షలమంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. పూర్తిగా సర్దుకునేసరికి ఆ ఏడాది డిసెంబరు వచ్చింది. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్లు జరిమానా వేశాయి, ఆ తర్వాతి ఏడాది వాటిలో ఒకటి అప్పటి సీఐఓకు, అంటే ఐటీ అధిపతికి, విడిగా వేసింది. అమెరికాలో 2022 డిసెంబరు మంచు తుఫానులో మిగతా విమాన సంస్థలు రెండు మూడు రోజుల్లో తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ మాత్రం 16 వేలకు పైగా విమానాలు రద్దు చేసింది. ఏ పైలట్ ఏ ఊళ్లో ఉన్నాడో పాత షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ లెక్క తేల్చలేకపోయింది. అది పాతబడిందని పైలట్ల సంఘం ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. ఒకచోట తొందరపడి మార్చారు, ఇంకోచోట మార్చకుండా వదిలేశారు. రెండుచోట్లా రోజూ ఆ సిస్టమ్‌తో బతికేవాళ్ల మాటకు దక్కాల్సిన బరువు దక్కలేదు.

2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ తమ పాత సిస్టమ్‌ల కోసం కోబాల్ తెలిసినవాళ్లు స్వచ్ఛందంగా ముందుకు రావాలని టీవీ ముందు అడిగారు. అప్పటికి కోబాల్‌కు 60 ఏళ్లు. 1959లో అమెరికాలో ఒక కమిటీ దానికి రూపం ఇచ్చింది. గ్రేస్ హాపర్ అంతకుముందు చేసిన భాష దానికి పునాది. 1964లో ఐబీఎం సిస్టమ్ 360 తెచ్చింది. అందులో చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రామ్ పెద్ద యంత్రం మీదా నడుస్తుందన్నది ఆ కంపెనీ ఇచ్చిన మాట. తర్వాతి తరాల యంత్రాల్లోనూ ఆ మాట నిలబెట్టుకున్నారు కాబట్టే అప్పటి ప్రోగ్రాములు ఇప్పటికీ నడుస్తున్నాయి. యంత్రం కొనసాగింపుకు అంత శ్రద్ధ పెట్టిన పరిశ్రమ మనుషుల కొనసాగింపుకు అందులో పదో వంతు కూడా పెట్టలేదు.

తొమ్మిదో అంతస్తువాళ్లు ఏఐ చేత కోబాల్ చదివిస్తున్నారు. నాకూ చూపించారు. కమిషన్ ప్రోగ్రామ్‌లో ఒక పేరా ఇస్తే, ఫలానా కోడ్ ఉన్న ఏజెంట్లకు కమిషన్ సున్నా అవుతుందని చక్కగా వివరించింది. తప్పేమీ లేదు. మధ్యాహ్నం కిందికి వచ్చి బాబాయ్‌ని అదే లైను గురించి అడిగాను. ఆ కోడ్ ఒక పాత ఏజెన్సీది, దాన్ని వేరే కంపెనీ కొనేసింది, వాళ్ల కమిషన్ అప్పటినుంచి వేరే సిస్టమ్‌లో వెళుతోంది, ఇది పనికిరాని లైనని ఎవరైనా తీసేస్తే రెండుచోట్లా డబ్బు వెళ్లిపోతుందని చెప్పాడు. ఆ సంగతి కోడ్‌లో లేదు. పక్కన ఒక తేదీ, రాసినవాడి పొడి అక్షరాలు ఉన్నాయంతే. కోడ్ ఏం చేస్తుందో యంత్రం చెప్పగలదు. ఎందుకు చేస్తుందో ఆయన్ని కూర్చోబెట్టి అడిగి రాసుకోవాలి. అడిగి రాసుకుంటే ఆ ఏఐ కూడా ఇంకా బాగా పనిచేస్తుంది. ల్యాబుకు డబ్బు పెట్టినవాళ్లు ఈ అడగడానికి కూడా డబ్బు పెట్టాలి.

కంపెనీలనే అని ఏం లాభం? అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడల మీద బోర్డులు చూడండి. ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్, తర్వాత జావా, తర్వాత శాప్, సేల్స్‌ఫోర్స్, డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. కొత్తది నేర్చుకోవడానికి మన పిల్లలు పడే కష్టం అంటే నాకు ఎంతో గౌరవం, ఆ గదుల్లోనే వేల కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. కానీ పాతదాన్ని పాతికేళ్లు నిలబెట్టినవాడిని మనం పెళ్లిళ్లలో కూడా ‘ఇంకా అదే ప్రాజెక్టా?’ అని జాలిగా అడుగుతాం. ప్యాకేజీ ఎంతని అడుగుతాం. ఏ వ్యవస్థ ఆయన చేతిలో ఉందో, అది ఆగితే ఎవరి పింఛను ఆగుతుందో అడగం. విదేశీ బ్యాంకుల, ఇన్సూరెన్సు కంపెనీల కీలకమైన జ్ఞానంలో కొంత తెలుగువాళ్ల బుర్రల్లో ఉంది. దాన్ని జ్ఞానంగా మనమే గుర్తించకపోతే అమెరికా కంపెనీ గుర్తించాలని కోరే హక్కు మనకు తగ్గిపోతుంది.

మూడుంపావుకి బ్యాచ్ ముగిసింది. సాయంత్రం ఆ ఆఫీసు డైరెక్టర్ గారిని కలిసినప్పుడు బాబాయ్ తర్వాత ఎవరని అడిగాను. మర్యాదగానే జవాబిచ్చారు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్‌కు రెండు వారాలు కేటాయించామని, సెషన్లన్నీ రికార్డు చేస్తామని అన్నారు. రెండు వారాల్లో నెలాఖరు బ్యాచ్ ఒక్కసారి తగిలితే గొప్ప. మూడు నెలలకోసారి వచ్చే లెక్కలు తగలకపోవచ్చు, ఏడాది ముగింపు అసలే తగలదు. బాబాయ్ ఆ అమ్మాయిని తన పక్కన ఆరు నెలలు కూర్చోబెట్టమని, ఆ కాలంలో ఆమెకు వేరే టికెట్లు వెయ్యవద్దని మేలో రాసి పెట్టాడట. అడ్డుపడింది ఆమె గంటలను ఏ బడ్జెట్ కింద చూపాలన్న ప్రశ్న. కొత్త ప్రాజెక్టులకు కోడ్ ఉంది. ఉన్నదాన్ని నేర్చుకోవడానికి కోడ్ లేదు. వచ్చే క్వార్టర్‌లో చూస్తామని డైరెక్టర్ గారు నాతో అన్నారు. ఆ కంపెనీ పద్దులు డిసెంబరు 31న ముగుస్తాయి. రిటైరయ్యేలోపు బాబాయ్ చేతి మీదుగా నడిచే ఏడాది ముగింపు ఇక అదొక్కటే. అప్పటికి ఆ అమ్మాయి ఆయన పక్కనే ఉండేలా ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదు.