ఇంటర్వ్యూలో మనం కూడా ఒక ప్రశ్న అడగాలె



మా రూములో ఉండే ఇద్దరు తమ్ముళ్ల ప్రాజెక్టు ఈ నెలాఖరుకు అయిపోతుంది. కొత్త కంపెనీల ఇంటర్వ్యూలకు తయారవుతున్నరు. డ్యూటీ నుంచి వచ్చి, వండుకొని తిన్నంక రోజూ ఒక గంట నేను ప్రశ్నలు అడుగుతున్న, వాళ్లు జవాబు చెబుతున్నరు. ఇద్దరికీ ఊర్లో అప్పు ఉంది, మిత్తి నెల నెలా పెరుగుతనే ఉంది. ఈ ఉద్యోగం దొరకకపోతే ఇంటికే. నేను దుబాయిలో పదకొండేళ్లుగా ఏసీ టెక్నీషియన్. ఇప్పటిదాకా నాలుగు ఇంటర్వ్యూలు ఇచ్చిన. నాకు తెలిసింది రాస్తున్న, మీ పని వేరే అయినా ఉపయోగపడుతది.

మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒకటే: "నీ గురించి చెప్పు." మనోళ్లు పేరు, ఊరు, జిల్లా, నాయిన ఏం చేస్తడు అని మొదలుపెడతరు. ఎదురుగా కూర్చున్న ఇంజనీరుకు కావాల్సింది మూడే: ఏ పని, ఎన్నేళ్లు, ఏ మిషన్లు. "ఏసీ టెక్నీషియన్, ఆరేళ్లు, స్ప్లిట్, ప్యాకేజ్ యూనిట్లు సొంతంగా చేసిన, చిల్లర్ మీద హెల్పర్‌గా చేసిన." ఇంత చాలు. ఇంగ్లీషు రాకపోతే హిందీలో చెప్పండి, చాలా చోట్ల అడిగేటోళ్లకు హిందీ వస్తది. చేయని పని మాత్రం చేసిన అని చెప్పొద్దు. తర్వాతి ప్రశ్న దాని మీదనే పడుతది.

రెండోది పని ప్రశ్న. "కూలింగ్ వస్తలేదు, ఏం చేస్తవ్?" మా తమ్ముడు టక్కున "గ్యాస్ నింపుత" అన్నడు. పనిలో వాడు అట్ల ఎప్పుడూ చేయడు. ముందు పవర్ ఆఫ్ చేసి తాళం వేసి ట్యాగ్ పెడతడు, ఫిల్టర్, కాయిల్, ఫ్యాన్, కెపాసిటర్ చూస్తడు, ఆ తర్వాతే గేజ్ పెడతడు. గ్యాస్ తక్కువుంటే ముందు లీకు వెతుకుతడు. చేతికి వచ్చిన పని నోటికి రాదు, అదే మన కష్టం. అందుకే నిన్న చేసిన ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా రూములో గట్టిగా చెప్పి చూడండి. అంకెలు కూడా నోటికి రావాలె. సక్షన్ ప్రెషర్ ఆర్-22కు సుమారు 60-70 పీఎస్ఐ ఉంటే, ఆర్-410ఏకు 110-130 దాకా ఉంటది.

మూడోది: "పాత కంపెనీ ఎందుకు వదులుతున్నవ్?" రెండో తమ్ముడికి రెండు నెలల జీతం రావాల్సి ఉంది. ఈ ప్రశ్న రాంగనే గొంతు మారుతది. వాని కోపం న్యాయమే. కానీ దాని మీద ఫిర్యాదు చేసే చోటు లేబర్ మినిస్ట్రీ, అక్కడ ఇప్పటికే పెట్టిండు. ఇంటర్వ్యూలో "ప్రాజెక్టు అయిపోయింది సార్" అంటే సరిపోతది. అది నిజం కూడా.

నాలుగోది: "జీతం ఎంత కావాలె?" ఇక్కడనే మనం అడగాల్సింది ఉంది: "సార్, బేసిక్ ఎంత?"

లెక్క చూడండి. రెండు కంపెనీలు 1,800 దిర్హమ్స్ ఇస్తమంటున్నయి. ఒకదాంట్లో బేసిక్ 900, మిగతాది అలవెన్సులు. ఇంకోదాంట్లో బేసిక్ 1,400. యూఏఈ ప్రైవేటు కంపెనీల లేబర్ చట్టం ప్రకారం ఏడాది దాటినంక గ్రాట్యుటీ వస్తది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, తర్వాత ఏడాదికి 30 రోజులది. ఐదేళ్లు చేసి పోతే మొదటి కంపెనీలో 3,150, రెండోదాంట్లో 4,900. ఓటీ కూడా బేసిక్ మీదనే, దానికి కనీసం 25 శాతం కలపాలె. నెలకు 50 గంటల ఓటీ చేస్తే మొదటిదాంట్లో సుమారు 234, రెండోదాంట్లో సుమారు 365. చెమట ఒకటే, నెలకు 130 తేడా.

చివర్లో "ఏమన్నా అడుగుతవా?" అంటరు. మనోళ్లు "నో సార్" అని లేచి వస్తరు. లేవొద్దు. బేసిక్, ఓటీ, రూము, తిండి, చుట్టీకి టికెట్ ఎవరిది అని మర్యాదగా అడగండి. అడిగినందుకు ఉద్యోగం ఇయ్యకపోతే, ఆ కంపెనీ ఎట్లాంటిదో ముందే తెలిసినట్టు. చెప్పిన మాటలు ఆఫర్ లెటర్‌లో ఉన్నయా చూసినంకనే సంతకం పెట్టండి. కాంట్రాక్టు ఆ లెటర్‌కు సరిపోవాలె. ఉద్యోగం ఇచ్చేందుకు, వీసాకు మన దగ్గర పైసలు తీసుకోవడం ఈ దేశ చట్టానికి విరుద్ధం.

పెద్ద తమ్ముడికి గురువారం ఇంటర్వ్యూ. నిన్న రాత్రి వరుస తప్పకుండా చెప్పిండు, కానీ "బేసిక్ ఎంత సార్" దగ్గర ఇంకా గొంతు చిన్నగైతుంది. ఇయ్యాల్ల రాత్రి మళ్లీ అదే అడిగిస్త.

మీ రూములో ఎవరికన్నా ఇంటర్వ్యూ ఉంటే మీరు కూడా ఒక గంట కూర్చోండి.