కథానాయకుడు దాగిన దీవి

ఐర్లండు దేశానికి నైరుతి దిక్కున, అట్లాంటిక్ మహాసముద్రంలో, ఒడ్డుకు సుమారు 12 కిలోమీటర్ల దూరాన ఒక రాతికొండ ఉన్నది. నీళ్లలో నుంచి నిటారుగా 218 మీటర్ల ఎత్తు లేచిన ఈ కొండ పేరు స్కెల్లిగ్ మైకేల్. దాని మీద ఊరు లేదు, అంగడి లేదు, నీడకు నిలబడదామంటే ఒక చెట్టయినా లేదు.

అయినప్పటికీ, ఈ కొండ మీద కూచున్న ఒక మనిషిని గురించి ప్రపంచమంతటా లక్షలాది జనం వాదించుకున్నారు. ఒకే ఇంట్లో తండ్రి ఒక పక్షమూ, కొడుకు మరొక పక్షమూ అయినారు. ఇంతకూ ఆ మనిషి నిజం మనిషి కాడు. సినిమాలోని కథానాయకుడు.

1977లో అమెరికాలో "స్టార్ వార్స్" అనే చిత్రం విడుదల అయింది. దాన్ని తీసినవాడు జార్జి లూకాస్. ఎక్కడో దూరాన ఉన్న నక్షత్రలోకాలలో జరిగే కథ అది. అందులో రాకుమారి ఉన్నది, నల్లముసుగు వేసుకున్న దుర్మార్గుడున్నాడు, మంత్రశక్తి వంటి ఒక శక్తి ఉన్నది, వెలుగుతో చేసిన కత్తులున్నాయి. మన జానపద కథలలో ఉండేవన్నీ ఉన్నాయి. గుర్రాలకు బదులు ఆకాశనౌకలున్నాయి, అంతే. లూక్ స్కైవాకర్ అనే పల్లెటూరి కుర్రవాడు ఈ కథకు నాయకుడు. ఆ వేషం వేసిన మార్క్ హామిల్‌కు అప్పటికి 25 ఏళ్లు.

ఆ చిత్రాన్ని జనం విపరీతంగా ఆదరించారు. 1980లోనూ, 1983లోనూ కథ ముందుకు సాగింది. 1999 నుంచి 2005 వరకు, అంతకు ముందు తరం వారి కథతో మరి మూడు చిత్రాలు వచ్చాయి. చిన్నతనంలో మొదటి చిత్రం చూసినవారు పెద్దవారై, తమ పిల్లలను వెంటబెట్టుకుని కొత్త చిత్రాలకు వెళ్లారు. 2015లో వరసలో 7వ చిత్రం వచ్చింది.

ఈ చిత్రంలో లూక్ స్కైవాకర్ కనిపించడు. ఎక్కడికో వెళ్లిపోయాడంటారు. శత్రువులూ, మిత్రులూ కూడా అతని కోసం వెతుకుతూ ఉంటారు. చిట్టచివరకు రే అనే యువతి ఒక దీవికి చేరి, పాత రాతిమెట్లెక్కి పైకి పోతుంది. అక్కడ నెరసిన గడ్డంతో లూక్ నిలబడి ఉంటాడు. ఆమె అతని పాత కత్తిని తీసి అతని వైపు చాస్తుంది. అతను ఒక్క మాట కూడా అనడు. అంతటితో చిత్రం అయిపోతుంది!

ఆ దీవే స్కెల్లిగ్ మైకేల్. ఆమె ఎక్కినవి నిజమైన మెట్లే.

తరవాతి చిత్రం రావటానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ అభిమానులు ఊహాగానాలతోనే గడిపారు. లూక్ ఆ దీవికి ఎందుకు వెళ్లాడు? తపస్సు చేస్తున్నాడా? ఏదన్నా రహస్యాన్ని కాపాడుతున్నాడా? కత్తి అందుకుని ఏమంటాడు? ఒక్కొక్కరు ఒక్కొక్క కథ అల్లారు.

2017 డిసెంబరులో రియాన్ జాన్సన్ తీసిన "ద లాస్ట్ జెడై" విడుదల అయింది. అందులో లూక్ కత్తి అందుకున్నాడు. అందుకుని, ఏదో పనికిరాని వస్తువును పారేసినట్టు భుజం మీదుగా వెనక్కు విసిరేశాడు! తనను ఒంటరిగా వదిలి వెళ్లిపొమ్మన్నాడు.

దానితో అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయారు.

మొదటి పక్షంవారి వాదం ఇది: "1983 నాటి చిత్రంలో లూక్ ఏం చేశాడు? తన తండ్రి ఎంతో క్రూరుడని తెలిసి కూడా, అతనిలో ఎక్కడో మంచి మిగిలి ఉన్నదని నమ్మి, చంపటానికి నిరాకరించాడు. అటువంటివాడు, తన దగ్గిర విద్య నేర్చుకునే మేనల్లుడు చెడిపోతున్నాడని భయపడి, నిద్రపోతున్నవాడి మీద కత్తి తీస్తాడా? ఆ తరవాత అందరినీ కష్టాలలో వదిలి దీవిలో దాక్కుంటాడా? ఇతను మా లూక్ కాడు!"

రెండో పక్షంవారు ఇలా అన్నారు: "అతను కత్తి తీసినది ఒక్క క్షణం. మరుక్షణం సిగ్గుపడ్డాడు. ముప్ఫయి ఏళ్లు గడిచినాక మనిషి కొంత మారడా? పైగా, అతని గురువులు మటుకు ఏం చేశారు? ఒకరు ఎడారిలోనూ, మరొకరు బురదనేలలోనూ ఏళ్లతరబడి దాగి ఉండలేదా? చిత్రం చివరకు లూక్ దీవి కదలకుండానే తన రూపాన్ని యుద్ధభూమికి పంపి, ఎవరినీ చంపకుండా తనవాళ్లను కాపాడతాడు. ఆ శ్రమతో ప్రాణం విడుస్తాడు. వీరుడంటే ఇంతకన్న ఏం చెయ్యాలి?"

రెండు వాదాలలోనూ బలం లేకపోలేదు. లూక్ వేషం వేసిన హామిల్ కూడా, ఆ పాత్రను ఈ విధంగా నడపటం తనకు మొదట సమ్మతం కాలేదని బహిరంగంగానే చెప్పాడు. అయినా డైరెక్టరు కోరినట్టు మనసుపెట్టి నటించాడు. ఆ ఏడు ప్రపంచంలో అన్నిటికన్న ఎక్కువ డబ్బు వసూలు చేసిన చిత్రం అదే. అంటే నచ్చనివారు కూడా చూసి మరీ వాదించారన్న మాట!

వాదన వాదనగా ఉన్నంతవరకు బాగానే ఉన్నది. కాని కొందరు హద్దు మీరారు. ఆ చిత్రంలో రోజ్ అనే కొత్త పాత్ర ధరించిన కెల్లీ మేరీ ట్రాన్ అనే నటిని, ఆమె రూపాన్నీ, జాతినీ ఎత్తి దూషించారు. అది భరించలేక ఆమె 2018లో ఇంటర్నెట్‌లోని తన ఫోటోలన్నిటినీ తీసేసింది. పాత్ర నచ్చకపోతే కథ రాసినవారిని అడగవచ్చు. నటించిన పిల్లను ఏడిపించటం ఏ పక్షానికీ గౌరవం తెచ్చే పని కాదు. ఆమెకు అండగా నిలిచిన అభిమానులు రెండు పక్షాలలోనూ ఉన్నారు.

లోకాన్ని విడిచి రాతికొండ మీద కూచున్నవాడు పిరికివాడా, ధీరుడా? ఈ ప్రశ్నకు సినిమాలో మాత్రమే జవాబు వెతకనక్కరలేదు. ఎందుకంటే, లూక్ కథ పుట్టటానికి వెయ్యి ఏళ్లకు పైగా ముందే, నిజమైన మనుషులు లోకాన్ని విడిచి అదే కొండ మీద కాపరం చేశారు. మనం ఆ కొండకు వెళ్లి చూద్దాం.

పోర్ట్‌మగీ అనే చిన్న రేవులో పడవ ఎక్కాలి. పడవకు 12 మంది చొప్పున ఎక్కుతారు. ప్రయాణం సుమారు ఒక గంట. సముద్రం శాంతంగా ఉంటేనే పడవలు కదులుతాయి. ఎండ బాగా కాసే రోజున కూడా, కొండ దగ్గిర అలలు ఎక్కువగా ఉంటే దిగటానికి వీలుండదు. ఎంతో దూరం నుంచి వచ్చినవారు కూడా రేవులో నుంచే వెనక్కు పోవలసివస్తుంది.

దారిలో మొదట లిటిల్ స్కెల్లిగ్ అనే చిన్న కొండ వస్తుంది. దూరానికి దాని మీద సున్నం పోసినట్టు తెల్లగా కనిపిస్తుంది. దగ్గిరికి పోతే ఆ తెలుపు కదులుతుంది! అవన్నీ గానెట్ అనే పెద్ద సముద్రపక్షులూ, వాటి రెట్టలూను. అక్కడ 30 వేలకు పైగా జంటలు గూళ్లు పెడతాయి.

అది దాటగానే స్కెల్లిగ్ మైకేల్ వస్తుంది. పడవ దిగి కొంత దూరం నడిచాక మెట్లు మొదలవుతాయి. మొత్తం 618 మెట్లు. పట్టుకోవటానికి కమ్మీ లేదు. ఒక పక్క కొండ, మరొక పక్క సముద్రం. వాన పడితే రాళ్లు జారుతాయి. ఇక్కడ కాలుజారి ప్రాణాలు పోగొట్టుకున్న యాత్రికులున్నారు. అందుకని పైకి పోయే ముందు అక్కడి మార్గదర్శకులు ప్రతివారికీ జాగ్రత్తలు చెబుతారు.

ఈ మెట్లు పేర్చినవారు క్రైస్తవ సన్యాసులు. 6వ శతాబ్దానికీ 8వ శతాబ్దానికీ మధ్య ఏనాడో వారు ఈ కొండకు వచ్చారు. జనసమ్మర్దానికి దూరంగా, భగవంతుడి ధ్యానంలో బతకాలని వారి కోరిక. ఒకేసారి 12 మందికి మించి ఉండి ఉండరని పండితుల ఊహ.

మెట్లన్నీ ఎక్కితే, సముద్రానికి సుమారు 180 మీటర్ల ఎత్తున వారి మఠం కనిపిస్తుంది. బోర్లించిన కుండల్లాగా, లేదా పెద్ద పుట్టల్లాగా 6 రాతి గుడిసెలున్నాయి. వాటి గోడలలో సున్నం లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి పేర్చారు, అంతే. మరి పైకప్పు కూలిపోకుండా ఎలా నిలిచింది?

ఈ కిటుకు మీరు ఇంట్లో చేసి చూడవచ్చు. బల్ల అంచున ఒక పుస్తకం పెట్టి, దాని మీద మరొక పుస్తకాన్ని కొంచెం ముందుకు జరిపి పెట్టండి. వెనక భాగం బరువుగా ఉన్నంతవరకు అది పడిపోదు. సన్యాసులు చేసినది కూడా ఇదే. ఒక్కొక్క వరస రాళ్లను కింది వరస కన్న కొంచెం లోపలికి జరిపి గుండ్రంగా పేర్చుకుంటూ పోయారు. చుట్టు అంతకంతకూ చిన్నదై, చివరకు పైన మూసుకుపోయింది. ప్రతి రాయినీ బయటి వైపుకు కాస్త వాలుగా పెట్టారు గనక, వాననీరు లోపలికి దిగక బయటికే జారిపోతుంది. ఆ విధంగా కట్టిన గుడిసెలు అట్లాంటిక్ తుపానులకు తట్టుకుని ఈనాటికీ నిలిచి ఉన్నాయి.

కొండ మీద ఊటనీరు లేదు. సన్యాసులు రాతి తొట్లలో వాననీరు పట్టుకున్నారు. గాలికి అడ్డంగా గోడలు కట్టి, చిన్న మడి చేసి కూరలు పండించారు. చేపలు పట్టారు, పక్షిగుడ్లు ఏరుకున్నారు. 9వ శతాబ్దంలో వైకింగులనే ఓడదొంగలు వచ్చిపడి, వారి మఠాధిపతిని ఎత్తుకుపోయారు. ఆయన ఆకలితో చనిపోయాడు. అంతటితో మఠం పాడుపడి ఉండవలసింది. కాని సన్యాసులు కొండను విడవలేదు. ఆ తరవాత కూడా మూడు వందల ఏళ్లకు పైగా అక్కడే ఉన్నారు. 12, 13 శతాబ్దాల కాలంలో మటుకు ఒడ్డుమీది బాలిన్‌స్కెల్లిగ్స్‌కు తరలిపోయారు.

వారు లోకం నుంచి పారిపోయినవారే అనవచ్చు. పారిపోయినవారు 618 మెట్లు పేర్చారనీ, ఆ మెట్ల మీదనే నేటికీ జనం నడుస్తున్నారనీ కూడా అనవలసి ఉంటుంది.

ఈ కొండను 1996లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు. అందుచేత 2014లో అక్కడ సినిమా తియ్యటానికి అనుమతి ఇచ్చినప్పుడు, ఐర్లండులోనే మరొక వాదన బయలుదేరింది. యాత్రికులు వస్తారు, మా ఊళ్లకు బతుకుతెరువు దొరుకుతుంది అన్నారు రేవులోని వారు. పక్షులు గూళ్లు పెట్టే చోటికి ఇంత హడావుడి తేవటం తగదన్నారు పక్షి సంరక్షకులు. ఈ వాదనకు కొంత ఫలితం దక్కింది. 2016లో, కొండకు దూరంగా డింగిల్ ద్వీపకల్పంలో అటువంటి గుడిసెలనే కృత్రిమంగా కట్టి, కొన్ని దృశ్యాలను అక్కడ తీశారు.

పక్షుల వల్ల మరొక తమాషా కూడా జరిగింది. వసంతకాలంలో పఫిన్ అనే పక్షులు వేల కొద్దీ స్కెల్లిగ్ మైకేల్‌కు వస్తాయి. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, నారింజరంగు ముక్కు గల ఈ పక్షులు నేలలో బొరియలు చేసుకుని, ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడతాయి. ఎక్కడ కెమేరా పెట్టినా పఫిన్లే! వాటిని తరమటానికి చట్టం ఒప్పుకోదు. ఒక్కొక్కదాన్నీ బొమ్మలో నుంచి చెరిపెయ్యటం ఎంతో శ్రమ. అందుచేత వాటినే మరొక ప్రాణిగా మార్చారు. గుండ్రటి కళ్లతో ఆ చిత్రంలో కనిపించే "పోర్గ్" అనే చిన్న జీవులు ఈ విధంగానే పుట్టాయి. పోర్గులు ముద్దుగా ఉన్నాయా, విసుగు పుట్టించాయా అని కూడా అభిమానులు వాదించుకున్నారు!

2019లో జె.జె. అబ్రామ్స్ తీసిన 9వ చిత్రం వచ్చింది. అందులో రే నిస్పృహ చెంది, అదే దీవికి వచ్చి కత్తిని మంటలోకి విసురుతుంది. చనిపోయిన లూక్ ఆత్మరూపంలో వచ్చి ఆ కత్తిని పట్టుకుంటాడు. యోధుడి ఆయుధాన్ని గౌరవించాలని మందలిస్తాడు, తాను దీవిలో దాక్కోవటం పొరపాటని ఒప్పుకుంటాడు. మొదటి పక్షంవారు మేమే గెలిచామన్నారు. రెండో పక్షంవారు, మంచి కథను వెనక్కు లాగారన్నారు. వాదన మళ్లీ మొదటికి వచ్చింది.

ఇక ఆ కొండ సంగతి. సినిమా తరవాత అక్కడికి రావాలనుకునేవారు ఎంతమంది పెరిగినా, రోజుకు 180 మందిని మించి దిగనివ్వరు. అదీ వేసవి నెలలలోనే. చలికాలమంతా కొండ గాలికీ అలలకూ వదిలివేయబడుతుంది.

మీ ఇంట్లో ఈ చిత్రాలు చూసినవారుంటే, లూక్ చేసినది తప్పా, ఒప్పా అని అడిగి చూడండి. వారు ఏ పక్షమైనా సరే, ఆ మెట్లు పేర్చినవారి సంగతి చెప్పండి. వాదన ఇంకా రసవత్తరంగా ఉంటుంది.