విరిగిన ముక్క ఎక్కడికి పోయింది?

స్పార్క్ ప్లగ్ విరిగి కనబడితే మా బెజవాడ ఆటోనగర్‌లో రెండు మాటలు వినబడతాయి. ‘కొత్త ప్లగ్ వేసి స్టార్ట్ చెయ్, ఏమీ కాదు’ అనేది ఒకటి. ‘హెడ్డు దించాల్సిందే’ అనేది రెండోది. రెండూ ఇంజన్ లోపల చూడకుండా చెప్పే మాటలే. మొదటిది వింటే బాగున్న ఇంజన్ చెడిపోవచ్చు. రెండోది వింటే బాగున్న ఇంజన్‌కే బండి మనిషి వేలకు వేలు పోసుకోవచ్చు. పెట్రోలు బండ్ల పనిలో ఇన్నేళ్లుగా నేను నమ్ముకున్నది వేరే పద్ధతి. ముక్క ఎక్కడికి పోయింది, అసలు ఎందుకు విరిగింది అనే రెండు ప్రశ్నలకూ జవాబు తేలాకే పానా పట్టుకోవాలి.

ఒక మాస్టారి ఆల్టో 800 సంగతి చెబుతాను. నూజివీడు వైపు హైస్కూల్లో పాఠాలు చెబుతారాయన. బండి మిస్సింగ్ కొడుతోందని, ఎత్తు ఎక్కేటప్పుడు పుల్లింగ్ లేదని, చెక్ ఇంజన్ లైటు ఆరడం లేదని తీసుకొచ్చారు. స్కానర్ పెడితే పి0302 అని వచ్చింది. రెండో సిలిండర్‌లో మంట సరిగ్గా పడటం లేదని దానర్థం. ప్లగ్ గుంత చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊదేసి ఆ ప్లగ్ విప్పాను. మధ్య పుల్ల చుట్టూ ఉండాల్సిన తెల్లటి పింగాణి మొన సగం లేదు.

“ఇంజన్ పోయినట్టేనా?” అన్నారు మాస్టారు.

“ఇంకా ఏమీ చెప్పలేం మాస్టారూ. తేలేదాకా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు” అని తాళం తీసుకుని నా జేబులో వేసుకున్నాను.

“ఇంత దూరం నడుపుకుంటూ వచ్చానుగా, ఇప్పుడు ఆపితే ఏం లాభం?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ముక్క ఎప్పుడో విరిగి బయటికి పోయి ఉండొచ్చు. కానీ పగిలి కూడా ప్లగ్‌నే పట్టుకుని ఉండి, ఇప్పుడు విప్పే కుదుపుకి జారి పిస్టన్ మీద పడి ఉండొచ్చు కూడా. అదే జరిగితే తర్వాత కొట్టే మొదటి సెల్ఫే ఇంజన్‌కి దెబ్బ.

ఆ పింగాణి మన ఇంట్లో కప్పుల పింగాణి కాదు. అల్యూమినా అనే పదార్థాన్ని కాల్చి చేస్తారు. గట్టిదనం లెక్కలో వజ్రానికి 10 ఇస్తే దీనికి 9 వస్తుంది. అల్యూమినియం పిస్టన్, ఇనుప బోరు రెండూ దాని ముందు మెత్తనివే. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకి వస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. లోపల పడిన ముక్కకు నాలుగే గతులు. వాల్వు తెరుచుకున్నప్పుడు పొగతో పాటు బయటికి పోవచ్చు. వాల్వుకీ సీటుకీ మధ్య ఇరుక్కోవచ్చు. పిస్టన్ తలకీ హెడ్డుకీ మధ్య నలిగి పిస్టన్‌లో దిగబడవచ్చు. లేదా పిస్టన్ అంచున జారి బోరును గీసెయ్యవచ్చు. ఈ నాలుగింటిలో ఏది జరిగిందో హెడ్డు దించకుండానే చాలా వరకు తేల్చవచ్చు.

మొదట మిగిలిన ప్లగ్‌లు విప్పి వరుస తప్పకుండా గుడ్డ మీద పేర్చాను. ఆ తర్వాత సెల్ఫ్ జోలికి పోకుండా, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో నెమ్మదిగా తిప్పి రెండో పిస్టన్‌ను కిందికి దించాను. తిప్పేటప్పుడు ఎక్కడైనా పట్టేసిందా అన్నది చేతికే తెలుస్తుంది. పట్టేస్తే అక్కడే ఆపాలి, బలం చూపకూడదు. తర్వాత ప్లగ్ కన్నంలోంచి ఫోనుకు తగిలించే సన్నని కెమెరా దించాను. పిస్టన్ తల మీద నల్లటి కార్బన్ పొరలో రెండు మూడు చిన్న మెరుపు గుంతలు కనబడ్డాయి. కొత్త దెబ్బలు అలాగే మెరుస్తాయి, పాత దెబ్బల మీద మసి పట్టి ఉంటుంది. బోరు గోడల మీద హోనింగ్ గీతలు అడ్డదిడ్డం కాకుండా, ఫ్యాక్టరీలో గీసినట్టే ఉన్నాయి. నిలువుగా ఒక్క గీత కూడా లేదు. అది మంచి కబురు.

లోపల ఇంకేమైనా మిగిలి ఉంటే తీయాలి. అయస్కాంతానికి పింగాణి అంటదు. వాక్యూమ్ క్లీనర్ మూతికి సన్నని ప్లాస్టిక్ గొట్టం టేపుతో బిగించి, మధ్యలో పలచటి గుడ్డ అడ్డం పెట్టి లాగించాను. గుడ్డ మీద కార్బన్ పెచ్చులతో పాటు ఒక తెల్లటి రవ్వ దొరికింది. పోయిన మొనలో అది చిన్న భాగమే. మిగతాది ఎక్కడుందో తేలాలి.

ఇక కంప్రెషన్ చూడాలి. ఈ పరీక్షను తొందరగా చేస్తే అంకెలు అబద్ధం చెబుతాయి. ఇంజన్ వేడి మీద ఉండాలని పుస్తకంలో ఉంటుంది గానీ, ముక్క అనుమానం ఉన్నప్పుడు వేడి చేయడానికని స్టార్ట్ చేయకూడదు. చల్లటి ఇంజన్ మీదే చూస్తాను. అంకె ఎంత ఉందన్నదాని కన్నా సిలిండర్ల మధ్య తేడా ఎంత ఉందన్నదే అప్పుడు ముఖ్యం. ప్లగ్‌లన్నీ విప్పి ఉండాలి, ఇంజెక్టర్లకూ కాయిల్‌కూ కనెక్షన్ తీసేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ఒక్కో సిలిండర్‌కు ఒకే లెక్కన సెల్ఫ్ కొట్టాలి. మాస్టారి బండికి మొదటి, మూడో సిలిండర్లలో పన్నెండున్నర కిలోలు, రెండో దాంట్లో పన్నెండు వచ్చాయి. కిలో లోపు తేడా ఉంటే ఫరవాలేదు.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. కంప్రెషన్ గేజి లీకు ఉందో లేదో చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివరికి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో ప్లగ్ కన్నంలోంచి కంప్రెసర్ గాలి పెట్టాను. ఇక్కడ చెవే పనిముట్టు. ఎయిర్ ఫిల్టర్ వైపు బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే మూత దగ్గర గాలి వస్తే రింగులు, బోరు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. ఆయిల్ మూత దగ్గర ఏ మంచి ఇంజన్‌కైనా ఉండే కాస్త గాలి తప్ప ఇంకెక్కడా చప్పుడు లేదు.

అంటే మిగతా ముక్క ఎగ్జాస్ట్ దారినే పోయింది. ఆ దారిలో మ్యానిఫోల్డ్ దగ్గరే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ కన్నంలోంచి కెమెరా పంపితే, సన్నటి గదుల జల్లెడ మీద తెల్లటి ముక్క కూర్చుని కనబడింది. కన్వర్టర్ విప్పి దులిపాం. గదులు కరగలేదు, విరగలేదు. మిస్సింగ్ మీద బండిని ఇంకొన్నాళ్లు తిప్పి ఉంటే కాలని పెట్రోలు అక్కడికి చేరి మండి, ఆ గదుల్నే కరిగించేది.

ఒక ప్రశ్నకు జవాబు దొరికింది. రెండోదాన్ని చాలామంది అడగరు. ఎందుకు విరిగింది? నాకింగ్ వల్ల, అంటే లోపల పెట్రోలు అదుపు తప్పి పేలడం వల్ల విరిగితే మిగతా ప్లగ్‌ల మీద కూడా ఆనవాళ్లుంటాయి. పింగాణి మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు, కరిగిన అల్యూమినియం రవ్వలు కనబడతాయి. ఇక్కడ మిగిలిన రెండూ లేత గోధుమ రంగులో ఆరోగ్యంగా ఉన్నాయి. విరిగిన ప్లగ్ మాత్రం వేరే కంపెనీది. దాని గ్యాప్ మిగతా వాటికన్నా బాగా ఎక్కువ, పక్క పుల్ల మీద స్క్రూడ్రైవర్ గాటు ఉంది. మాస్టారిని అడిగితే దారిలో ఎక్కడో ఒక ప్లగ్ మార్పించానన్నారు. మధ్య పుల్లను ఆనుగా పెట్టుకుని స్క్రూడ్రైవర్‌తో పక్క పుల్లను ఎత్తితే పింగాణిలో కంటికి కనబడని బీట పడుతుంది. మిగతా పని ఆ బీటే పూర్తి చేస్తుంది. గ్యాప్ సరిచేయాలంటే పక్క పుల్లనే వంచాలి, మధ్య పుల్లను తాకకూడదు.

మూడు కొత్త ప్లగ్‌లు, సెన్సర్ దగ్గర కొత్త వాషర్, నా కూలి. మాస్టారి ఖర్చు అంతే.

అన్ని బండ్లూ ఇలా బయటపడవు. గ్యాస్ మీద తిరిగే ఒక ట్యాక్సీలో మూడో సిలిండర్‌కు ఆరు కిలోలే వచ్చింది. ప్లగ్ కన్నంలో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూశాను. రింగులో బోరో పోయి ఉంటే ఆయిల్ ఆ సందు మూసి అంకె పెరగాలి. పెరగలేదు. గాలి పెడితే సైలెన్సర్‌లో బుస్సుమంది. అప్పుడు హెడ్డు దించాం. ఎగ్జాస్ట్ వాల్వు అంచు చొట్టపోయి, సీటు గాటుపడి ఉంది. వాల్వు మార్చి, సీటు కోయించి, నూరి బిగించాం. ఇంకో మోటార్ సైకిల్‌కు ఆయిల్ పోయగానే అంకె పెరిగింది, కెమెరాలో నిలువు గీతలు కనబడ్డాయి. దానికి బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేయడం తప్ప దారి లేకపోయింది. ఈ రెంటిలోనూ దించడానికి ముందే లోపల ఏముందో మాకు తెలుసు, బండివాళ్లకూ చెప్పగలిగాం.

నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు చెప్పేవి ఇవే. కింద పడిన ప్లగ్ వాడొద్దు, అది బాగున్నట్టు కనబడినా సరే. ప్లగ్ పానాను వంకరగా పెట్టొద్దు. మొదట చేత్తోనే మర ఎక్కించండి. పధ్నాలుగు మిల్లీమీటర్ల కొత్త ప్లగ్ వాషర్‌తో ఉంటే చేత్తో బిగిశాక అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. అల్యూమినియం హెడ్డు అంతకన్నా బలం ఓర్చుకోదు. వేడి నంబరు కూడా చూసుకోండి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటి ప్లగ్, బాష్‌లో అంకె పెరిగితే వేడి ప్లగ్. మొన 850 డిగ్రీలు దాటితే అదే నిప్పుకణమై స్పార్క్ కన్నా ముందే పెట్రోలు అంటిస్తుంది. విరిగిన ముక్క దొరికితే పారేయకుండా కాగితంలో చుట్టి బండివాళ్ల చేతికివ్వండి.

బండి ఉన్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. ప్లగ్ విరిగిందని తెలిసిన క్షణమే బండి ఆపి, తోయించి గానీ లాగించి గానీ తీసుకురండి. హెడ్డు దించాలని ఎవరైనా అంటే ఏ సిలిండర్‌లో ఎంత కంప్రెషన్ వచ్చింది, ఆయిల్ పోస్తే ఎంత పెరిగింది, గాలి ఎటు పోతోంది అని అడగండి. ఆ మూడు జవాబులూ చెప్పగలిగిన మెకానిక్‌కే ఇంజన్ అప్పగించండి.