మందారమునకు కావలసినదేమి?

మందారము మన యిండ్లలో ఎంత పరిచయమైన మొక్కయనగా, దానికి జబ్బు చేయువరకు మనము దానిని తేరిపార చూడము. కొన్ని ప్రాంతములలో దీనిని దాసాని అందురు. దీని పువ్వు సాధారణముగా ఒక్క దినమే నిలుచును. అయినను కొత్త చిగురు వచ్చుచున్నంతకాలము మరల మరల మొగ్గ తొడుగును. గనుక పూయుచున్న చెట్టు పూత మానిన యెడల ఏదో లోపమున్నదని తెలిసికొనవలెను.

మా ప్రక్కయింటి పెద్దమ్మగారి పెరటిలో, నూతిగట్టు దాపున ఒక ఎఱ్ఱ ముద్దమందారము ఉండెను. పెదనాన్నగారు తమ చేతులతో నాటినది. ఆయన పోయిన మరుసంవత్సరము వానకాలమున దాని ఆకులు పండి రాలసాగెను. మొగ్గలు విచ్చకమునుపే ఊడిపడెను. పెద్దమ్మగారు నన్ను పిలిచి, “అమ్మాయీ, ఆయన చేతి మొక్క ఇదొక్కటే మిగిలింది. పూటకొక బిందె పోస్తున్నాను, అయినా వాడిపోతున్నది” అని కంట తడిపెట్టిరి.

నేను మొదలు దగ్గర జానెడు లోతున త్రవ్వి చూచితిని. మన్ను బురదయై కుళ్లు వాసన కొట్టుచుండెను. వేళ్లు నల్లబడి, చేతితో నొక్కగా మెత్తగా చితికిపోయెను. స్నానముల నీరు, అంట్లు తోమిన నీరు, వానపైన ఆమె పోయు బిందెలు, అన్నియు అక్కడనే నిలిచిపోవుచుండెను. నీరు నిలిచిన మట్టిలో వేళ్లకు గాలి అందదు. గాలి అందని వేళ్లు కుళ్లును. కుళ్లిన వేళ్లు నీరు పీల్చలేవు. ఆ చెట్టు నీటిలో నిలిచియే దాహముతో వాడుచుండెను. వాడిన ఆకులు చూచి ఆమె ప్రేమకొలది మరియొక బిందె పోయుచుండిరి.

నూతి నీరు అవతలకు పోవునట్లు కాలువ తీసితిమి. రెండంగుళముల లోతువరకు మన్ను ఆరినపిమ్మటనే నీరు పోసితిమి. కొత్త చిగురు కనబడువరకు ఎరువు వేయలేదు. చెట్టు దక్కునో లేదో తెలియదు గనుక, ఆరోగ్యముగానున్న కొమ్మలనుండి పెన్సిలు లావున, జానెడు పొడవున ఐదు ముక్కలు కోసి, క్రింది ఆకులు తీసివేసి, ఇసుక కలిపిన మట్టిలో నీడను గ్రుచ్చితిమి. పెద్ద చెట్టున సగము కొమ్మలు చచ్చెను, సగము బ్రదికెను. గ్రుచ్చిన ఐదింటిలో రెండు చిగిర్చెను. వాటిలో ఒకటి ఇప్పుడు పెద్దమ్మగారి కుమార్తె యింట పూయుచున్నది.

అయితే ఆకు పండిన ప్రతి మందారమునకు ఇదే జబ్బు అనుకొనరాదు. లేతాకులు పసుపై, ఈనెలు మాత్రము పచ్చగానుండిన యెడల ఇనుము అందుట లేదనవచ్చును. సున్నపు నేలలలో ఇట్లగును. బాగుగా మాగిన పశువుల ఎరువు అప్పుడు మేలుచేయును. చిగుళ్లపై తెల్లని దూదివంటిది కనబడిన యెడల అది పిండినల్లి. దాని తీపి జిగురుకొరకు చీమలు దానిని కాపాడును గనుక చీమల బారును కూడ ఆపవలెను. బాగుగా పట్టిన కొనలను కోసి కాల్చివేసి, మిగిలిన కొమ్మలను నీటిధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెయు కొంచెము సబ్బునీరును కలిపి సాయంకాలమున చల్లవలెను; వారము తరువాత మరల చల్లవలెను. వేసవిలో ఒకనాడు ఎండబెట్టి మరునాడు ముంచిన యెడలను మొగ్గలు రాలును. చెట్టు ఏపుగా పెరిగి పూయనియెడల ఎండ చాలదేమో చూడుడి. దానికి సగము దినమైనను ఎండ తగులవలెను. పూత కొత్త కొమ్మలకే వచ్చును గనుక చలికాలము వెళ్లినపిమ్మట మూడవవంతు వరకు కత్తిరించిన మంచిది.

ఇన్ని కారణములకు పైకి కనబడు గుర్తులు కొద్దియే. పసుపు ఆకు, రాలిన మొగ్గ, ఇంతే. అందుచేత రేపు ఉదయము బిందె ఎత్తకమునుపు మొదట వ్రేలు గ్రుచ్చి మన్ను చూడుడి; ఆకు త్రిప్పి అడుగు ప్రక్క చూడుడి. మన చేతిలో నున్నదాని నెల్ల పోయుట సులభము. దానికి లోపించినదేదో కనుగొనుటకు కొంతసేపు వంగి చూడవలసియుండును.