నయాపూల్ మీద బాపు ఫోటో

మొన్న పెట్టిన కొంగ ఫోటో చూసి "అన్నా, ఆ లెన్స్ ఎంతకు కొన్నవ్?" అని చాలామంది అడిగారు. చెప్తా. దానితో నేను చేసిన తప్పు కూడా చెప్తా, అది మీరు చెయ్యొద్దు.

లెన్స్ పాతది. తూర్పు జర్మనీ పెంటకాన్, 135 ఎంఎం, ఎఫ్/2.8. పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర నాలుగున్నర వేలకు తీసుకున్నా. కొనే ముందు ఫోన్ టార్చ్ వేసి లోపల ఫంగస్ ఉందేమో చూసుకోండి.

ఫిల్మ్ కెమెరా లోపల అద్దం ఉండేది. అందుకే ఈ ఎం42 లెన్స్‌లు ఫిల్మ్‌కు 45.46 మిల్లీమీటర్ల దూరంలో కూర్చునేవి. నా సోనీ మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు, ఆ దూరం 18 మిల్లీమీటర్లే. మిగతా ఇరవై ఏడున్నర అడాప్టర్ నింపుతుంది. అందులో గాజు ఉండదు, ఉత్త రింగే. మెనూలో లెన్స్ లేకున్నా షట్టర్ పడే ఆప్షన్ ఆన్ చేయాలె. ఫోకస్ చేత్తోనే తిప్పాలె.

ఇక తప్పు సంగతి. బాపును ఉస్మానియాలో చెకప్‌కు తీసుకపోయిన రోజు, పని అయినంక ఇద్దరం నయాపూల్ మీదికి నడిచినం. మూసీ మీద గద్దలు తిరుగుతున్నయి. అవతల 1920లో ప్రారంభమైన హైకోర్టు గుమ్మటాలు. బాపు రెయిలింగ్ పట్టుకొని నిలబడ్డడు, భుజం మీద ఎర్ర అంచు తువాల. మూడు మీటర్ల దూరం నుంచి లెన్స్ పూర్తిగా తెరిచి పెట్టిన. "ఇంకెంతసేపురా, బస్సు పోతది" అంటున్నడు. ఫోకస్ పీకింగ్ గీతలు మెరిసినయి, నొక్కిన.

ఇంటికొచ్చి చూస్తే తువాల అంచు మీద దారాలు లెక్కపెట్టొచ్చు. బాపు కండ్లు మాత్రం మసక.

ఎందుకంటే పీకింగ్‌కు కన్ను, ముక్కు తెల్వదు. రంగు తేడా గట్టిగా ఉన్న అంచు ఎక్కడుంటే అక్కడ మెరుస్తది. అంత దగ్గర్నుంచి ఎఫ్/2.8లో స్పష్టంగా వచ్చేది అయిదారు సెంటీమీటర్ల మేరే. తువాల ముందుకుంది, కండ్లు వెనకకున్నయి. ఒక్క బటన్ నొక్కి కన్ను పెద్దగా చేసి చూసుకున్నా, ఎఫ్/5.6కు దించినా సరిపోయేది. కొత్త లెన్సయితే కన్ను అదే పట్టుకునేది, నిజమే. కానీ తప్పు పాత లెన్స్‌ది కాదు, తొందర నాది.

ఆ వానాకాలం వడ్లు ఇంటికి రాకముందే బాపు పోయిండు. గోడకున్న ఫోటో అదే. అమ్మ దాన్ని తుడిచినప్పుడల్లా "తువాల మంచిగొచ్చింది" అంటది. నేనేమీ అనను.

కొంగలు రేపు మళ్లా పొలానికొస్తయి, అవి తప్పిపోయినా పర్వాలేదు. ఇంట్ల పెద్దోళ్లను తీసేటప్పుడు మాత్రం ఆ బటన్ నొక్కి, కన్ను చూసుకొని తియ్యండి.