తాళం తీసిన కంప్యూటర్ రూము

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. అప్పటికి నేను ఆ బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్. (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్)లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా పిల్లల తండ్రుల్లో చాలామంది గనుల్లో దిగినవాళ్లే. చీకటితో లేచి మారికుప్పంలో రైలెక్కడం, బెంగళూరులో ఏ సెక్యూరిటీ పనో, గార్మెంట్ ఫ్యాక్టరీ పనో చేసుకుని, పిల్లలు పడుకున్నాక ఇల్లు చేరడం... వాళ్ల బతుకు అలా మారిపోయింది. ఛాంపియన్ రీఫ్ గని కార్మికుల లైన్లలోకి పిల్లల ఇళ్లకు వెళ్తే తల్లులు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటే. "మావాడికి కంప్యూటర్ నేర్పిస్తే బెంగుళూర్లో పని దొరుకుతాదా మిస్?"

ఆ రోజుల్లోనే కర్ణాటక ప్రభుత్వం మాహితి సింధు పథకం తెచ్చింది. వెయ్యి ప్రభుత్వ హైస్కూళ్లలో కంప్యూటర్లు పెట్టడం దాని లక్ష్యం. 2004లో బళ్లలో కంప్యూటర్ చదువు కోసం కేంద్ర ప్రభుత్వ ఐసీటీ పథకం మొదలైంది. అలా ఒకదాని వెంట ఒకటి వచ్చిన పథకాల్లో మా పిల్లలకూ కంప్యూటర్ రూము దక్కింది.

నేను పనిచేసిన బడుల్లో ఒకదానిలో ఆ గది ఎలా ఉండేదో చెప్పాలి. కిటికీలకు ఇనుప జాలీ, తలుపుకి రెండు తాళాలు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. ప్రతి తెర మీదా గుడ్డ కవరు. ఆయుధపూజకు వాటికి పసుపు, కుంకుమ, బంతిపూలు. ఆ గౌరవం మంచిదే. కానీ పిల్లలు మాత్రం గోడవార నిలబడి చూడాల్సిందే. సీపీయూ అంటే ఏమిటి, మెమరీ ఎన్ని రకాలు అని బోర్డు మీద రాస్తే నోట్సులో దించుకునేవాళ్లు. పరీక్షలో మార్కులూ తెచ్చుకునేవాళ్లు. మౌస్ పట్టుకోని పిల్ల మౌస్ బొమ్మ గీసి భాగాలు గుర్తించేది. కాంట్రాక్టు మీద వచ్చిన కంప్యూటర్ మాస్టారు గడువు తీరి వెళ్లిపోయాక ఆ కాస్త చదువూ ఆగిపోయింది. పాడవుతాయన్న భయంతో గది తెరవడమే మానేశారు. తెరిచిన రోజున కరెంటు ఉండేది కాదు. శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి 1902లోనే కరెంటు తెచ్చుకున్న ఊరు మాది. దేశంలో చాలా ఊళ్లు నూనె దీపాల మీదే ఆధారపడిన కాలంలో ఇక్కడ గనుల యంత్రాలు కరెంటు మీద నడిచాయి. ఆ ఊరి పిల్లలు యూపీఎస్ బ్యాటరీ లేక కంప్యూటర్ ముందు ఖాళీగా కూర్చోవడం నాకు ఇప్పటికీ కడుపుమండే సంగతి.

మార్పు వచ్చింది టీచర్లకు శిక్షణ దొరికాక. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ విభాగం (డి.ఎస్.ఇ.ఆర్.టి.), ఐటీ ఫర్ చేంజ్ అనే సంస్థ కలిసి విషయ శిక్షకర వేదికె (సబ్జెక్టు టీచర్ల వేదిక) పేరుతో హైస్కూలు టీచర్లకు శిక్షణలు నడిపాయి. మాలూరు, ముళబాగిలు, శ్రీనివాసపురం నుంచి లెక్కల టీచర్లు వచ్చేవాళ్లు. పాఠం కన్నడలో నడిచినా, టీ దగ్గర సగం మంది తెలుగులోకి దిగిపోయేవాళ్లం. మా చేత ఉబుంటు ఆపరేటింగ్ సిస్టం వాడించారు, రేఖాగణితం బొమ్మలు గీసే జియోజెబ్రా నేర్పారు. రెండూ ఉచితం. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఏ బడిలో ఎన్ని యంత్రాల్లోనైనా వేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. డబ్బు లేని బడికి ఇది చిన్న విషయం కాదు. జియోజెబ్రాను మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే ఆస్ట్రియా ఆయన చదువుకునే రోజుల్లో మొదలుపెట్టాడని అక్కడే తెలిసింది. తర్వాత కర్ణాటక టీచర్లే పాఠాలు తయారుచేసి అందరికీ ఉచితంగా పెట్టే కోయర్ అనే వెబ్‌సైటు కూడా వచ్చింది. మేం రాసినవి వేరే జిల్లాల్లో ఎవరో వాడుతున్నారంటే కలిగే సంతోషం వేరు.

తిరిగొచ్చి తొమ్మిదో తరగతి పిల్లలను ఆ గదిలోకి తీసుకెళ్లాను. ఒక్కో కంప్యూటర్‌కి నలుగురు. మౌస్ అందరి చేతా పట్టించాలన్నది నేను పెట్టిన షరతు. జియోజెబ్రాలో మూడు బిందువులు పెట్టి త్రిభుజం గీయమన్నాను, కోణాలు కొలవమన్నాను, ఒక మూలను పట్టుకుని ఎటు కావాలంటే అటు లాగమన్నాను. త్రిభుజం సాగుతోంది, వంగుతోంది, కోణాలు క్షణక్షణం మారుతున్నాయి. కూడి చూడమన్నాను. మూడు కోణాల మొత్తం 180 అని ఏడో తరగతి నుంచీ చెప్పించుకుంటున్నవాళ్లే. అయినా కూడుతుంటే గదంతా గోల.

ఆ గోలలో ఒక అమ్మాయి లేచింది. క్లాసులో నోరు మెదపని పిల్ల. 47.36, 71.12, 61.53 అని తన తెర మీది కోణాలు చదివింది. కూడితే 180.01. కన్నడ మరిచిపోయి ఇంటి తెలుగులోనే అడిగేసింది. "ఏమి మిస్, కంప్యూటర్‌కి కూడేకి రాదా?"

నేను జవాబు చెప్పలేదు. సెట్టింగుల్లో దశాంశ స్థానాలు రెండు నుంచి ఐదుకి మార్చమన్నాను. ఇప్పుడు 47.35670, 71.11760, 61.52570. మళ్లీ కూడింది. సరిగ్గా 180. మూడు అంకెలూ పైకి సవరించి చూపడం వల్ల ఆ 0.01 పుట్టిందని తనే కనిపెట్టి పక్కవాళ్లకు చెప్పింది. పక్క బెంచీ అబ్బాయి తన తెర మీద 179.99 వెతికి పట్టుకున్నాడు. ఆ పూట సవరింపు, దోషం, నిరూపణ ఎందుకు కావాలి అన్న మూడు పాఠాలు జరిగిపోయాయి. ఎన్ని త్రిభుజాలు లాగి చూసినా అది రుజువు కాదని, రేఖ గీసి సమాంతరాలతో చూపిస్తేనే రుజువని వాళ్లను ఒప్పించడానికి నాకు ఎంతో సేపు పట్టలేదు. యంత్రం చూపే అంకెను నమ్మే ముందు అడగాలని వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది కదా. ఆ అంకెలు నా డైరీలో ఇప్పటికీ ఉన్నాయి.

పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేసినవాళ్లలో ఒకరైన సేమూర్ పేపర్ట్ 1960ల చివరి నుంచే ఈ మాట చెబుతూ వచ్చాడు. పిల్లవాడు యంత్రానికి పని చెప్పాలి, ఆ చెప్పడంలోనే గణితం నేర్చుకోవాలి అని. మా గదిలో అది కళ్లారా చూశాను.

లెక్కలే కాదు, మా సైన్స్ టీచర్ ప్రొజెక్టర్ పెట్టి చెప్పిన పాఠం ఒకటి మరువలేను. ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా సిటీ, డర్హం విశ్వవిద్యాలయాల వాళ్లు పరికరాలు పెట్టి, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల జాడ పట్టుకున్నారు. అంత రాయి అడ్డం ఉంటే మిగతా కిరణాలు దాదాపు అన్నీ ఆగిపోతాయి, న్యూట్రినోలు మాత్రం వస్తాయి. ఆ సంగతి తెర మీద చూసి పిల్లలు తమ ఊరి పేరు ఫిజిక్సు చరిత్రలో ఉందని మొదటిసారి తెలుసుకున్నారు. మూతపడిన గనులు, గని వ్యర్థాల సైనైడ్ గుట్టలు తప్ప ఊరికి ఇంకేం లేదనుకునే పిల్లలకు అది ఎంత అవసరమో బయటివాళ్లకు తెలియదు. మర్నాడు ఒకబ్బాయి వాళ్ల తాతను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన షాఫ్టు లోపలి వేడిని, తడిని చెబుతుంటే మేమంతా విన్నాం.

2020లో బళ్లు మూతపడ్డాక ఎనిమిది నుంచి పది వరకు తరగతులకు దూరదర్శన్ చందన టీవీలో సంవేద పాఠాలు వచ్చాయి. చెప్పినవాళ్లు శ్రద్ధగానే చెప్పారు. కానీ టీవీని ఆపి "ఏమి మిస్" అని అడగడం కుదరదు. ఇంటికి ఒకటే ఫోను, అది తండ్రితో బెంగళూరు వెళ్లిపోతుంది. నేను పంపిన లెక్కకు జవాబు రాత్రి పదింటికి వచ్చేది. గదిలో నోరు విప్పిన పిల్లలే ఆ రెండేళ్లలో మళ్లీ మౌనమైపోయారు. తెర ఉన్నంత మాత్రాన పాఠం జరిగినట్టు కాదని నా నమ్మకం.

నేను రిటైరయ్యాను. ఇప్పుడు స్మార్ట్ క్లాసులు, పెద్ద తెరలు వస్తున్నాయి, రావాలి కూడా. మీ ఊరి హైస్కూల్లో ఎస్.డి.ఎం.సి. (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) సభ్యులుగా ఉన్నవాళ్లకు, పిల్లల్ని ప్రభుత్వ బడికి పంపే తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటి. ఈ వారం ఒకసారి బడికి వెళ్లండి. కంప్యూటర్ రూము వారంలో ఎన్ని పీరియడ్లు తెరుస్తున్నారో, బ్యాటరీ పనిచేస్తోందో లేదో, మౌస్ పిల్లల చేతికి ఇస్తున్నారో లేదో హెడ్మాస్టర్ గారిని మర్యాదగా అడగండి. జవాబు దొరికేదాకా అడుగుతూనే ఉండండి.