లేవనంటున్న సర్వర్

నెలల తరబడి ఆగకుండా నడిచిన డేటాబేస్ సర్వర్‌ని ప్యాచ్‌లు వేయడానికని ఓ రాత్రి ఆపుతారు. మళ్లీ స్టార్ట్ చేస్తే లేవనంటుంది. అందరూ ఆ ప్యాచ్‌నే తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు లోపం ఆ రాత్రిది కాదు. ఎప్పుడో ఎవరో కాన్ఫిగ్ ఫైల్లో ఒక సెట్టింగ్ తప్పుగా రాసి ఉంటారు. మళ్లీ చదవమని చెప్పేదాకా సర్వర్ ఆ ఫైలు జోలికి పోదు కాబట్టి అది బయటపడదు. లేదంటే కొత్త డిస్కుని చేత్తో మౌంట్ చేసి, మెషీన్ లేచేటప్పుడు మౌంట్ చేయాల్సిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్‌లో రాయడం మరిచిపోయి ఉంటారు. మెషీన్ లేచేసరికి డేటా డైరెక్టరీ ఖాళీగా కనిపిస్తుంది. రీస్టార్ట్ చేసిన పాపమల్లా ఆ పాత లోపాల్ని బయటికి లాగడమే.

ఇక ఫోన్లు మొదలవుతాయి. ఎంతసేపు పడుతుంది, ఏమైంది అని. ఆ ఒత్తిడిలో చాలామంది స్టార్ట్ కమాండ్‌నే మళ్లీ మళ్లీ కొడుతుంటారు. తెర మీద కనిపించే ‘ఫెయిల్డ్’ అన్న ముక్కలో ఏమీ లేదు, సంగతంతా లాగ్ చివరి లైన్లలో ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎంత ముక్కుసూటిగా చెబుతుందో చూడండి: ‘ఫేటల్: కుడ్ నాట్ రైట్ లాక్ ఫైల్ పోస్ట్‌మాస్టర్ డాట్ పిడ్: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’. డిస్కు నిండిపోయింది, తన ప్రాసెస్ నంబరు రాసుకోవడానికి కూడా చోటు లేదు అని. పాత ప్రాసెస్ 5432 పోర్టును వదలకపోతే అదీ చెబుతుంది. డేటా డైరెక్టరీ పర్మిషన్లు తేడాగా ఉన్నా చెబుతుంది.

డిస్కు నిండినప్పుడే అసలు ప్రమాదం. చోటు కోసం వెతికేవాళ్ల కంటికి పెద్ద ఫోల్డరేదైనా కనిపిస్తే చేతులు ఊరుకోవు. పోస్ట్‌గ్రెస్‌లో ‘పీజీ ఎక్స్‌లాగ్’ అని ఒకటుండేది. పాత లాగ్ ఫైళ్లేలే అనుకుని దాన్ని తుడిచేసి, డేటాబేస్‌నే పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆ ప్రమాదాన్ని తప్పించడానికే 2017లో వచ్చిన పదో వెర్షన్‌లో దాన్ని ‘పీజీ వాల్’గా మార్చారు. అందులో ఉండేది చిట్టా. కొట్లో గుమస్తా ప్రతి లావాదేవీనీ ముందు చిట్టాలో రాసి, తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కించినట్టే, డేటాబేస్ కూడా ప్రతి మార్పునూ ముందు ఇక్కడ రాసుకుంటుంది. కరెంటు పోయి మధ్యలో ఆగిపోతే, లేచాక ఈ చిట్టా చూసుకునే లెక్క సరిచేసుకుంటుంది. ఈ తరహా రికవరీని సమగ్రంగా వివరించిన ‘ఏరీస్’ పరిశోధన పత్రం 1992లో వచ్చింది. దాన్ని రాసిన ఐబీఎం బృందంలో మొదటి పేరు ఐఐటీ మద్రాసులో చదివిన సి. మోహన్‌ది.

ఆ లెక్క సరిచేసుకోవడానికి టైం పడుతుంది. ఆ టైం ఇవ్వాలి. లినక్స్‌లో సర్వీసులను లేపే సిస్టమ్‌డీ మామూలుగా ఇచ్చే గడువు 90 సెకన్లే. దాన్ని పెంచని చోట, రికవరీ సగంలో ఉన్న సర్వర్‌ని సిస్టమ్‌డీయే ఆపేస్తుంది; ఆగితే మళ్లీ లేపమని సెట్ చేసి ఉంటే మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ ఆపేస్తుంది. చూసేవాళ్లకు చెడిపోయినట్టుంటుంది గానీ, దానికి కావలసింది కాస్త గడువు.

మైఎస్‌క్యూఎల్‌లో, డేటా పాడైనా సర్వర్‌ని బలవంతంగా లేపడానికి ‘ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ’ అని ఒక సెట్టింగ్ ఉంది, 1 నుంచి 6 దాకా. 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ పెడితే డేటా ఫైళ్లు శాశ్వతంగా పాడవచ్చని మాన్యువల్లోనే హెచ్చరించారు. అయినా ఎక్కడో చదివి నేరుగా 6 పెట్టేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఆ ఫైళ్లలో ఉన్నది ఎవరి జీతమో, ఎవరి ఆసుపత్రి రికార్డో. నమ్మకం లేని డేటాతో లేవడం కంటే లేవకుండా ఆగిపోవడమే మేలని ఆ సర్వర్‌ని రాసినవాళ్లు ఆలోచించే పెట్టారు. వాళ్లు చేసింది సరైన పని.

కాబట్టి ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నా మనవి ఇదే. లాగ్ చదవండి. సర్వర్ పూర్తిగా ఆగిందని చూసుకుని, డేటా డైరెక్టరీని ఉన్నదున్నట్టు మరో డిస్కుకు కాపీ చేయండి. పైనుంచి ఎన్ని ఫోన్లొచ్చినా సరే, ఆ కాపీ పూర్తయ్యాకే లోపలి ఫైలు మీద చెయ్యి వేయండి.